బిగుసుకున్న కాళ్లకి బలం పెంచే ఎక్సర్‌సైజులు చేయించొచ్చా? ఇంట్లో ఎలా చేయించాలి?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. ఏడేళ్ల బాబు, స్పాస్టిక్ డైప్లీజియా (మెదడుకి తగిలిన దెబ్బ వల్ల వచ్చే సెరిబ్రల్ పాల్సీ, అంటే సీపీలో రెండు కాళ్లూ ఎక్కువగా బిగుసుకునే రకం), వాకర్ పట్టుకుని ఇంట్లోనూ స్కూల్లోనూ నడుస్తాడు, మోకాళ్లు వంగిపోయి కాళ్లు కత్తెర పడతాయి, నరసన్నపేట అవతల పల్లె నుంచి వైజాగ్ తీసుకెళ్లి రావడానికి రోజంతా పోతోంది, అక్కడి థెరపిస్టు స్ట్రెంగ్తెనింగ్ ఇంట్లో చేయించమని ఓ కాగితం ఇచ్చారు, మీ అత్తగారేమో "ఇప్పటికే కర్రల్లాగ బిగుసుకున్న కాళ్లు, వాటికి ఇంకా బలం ఎక్కిస్తే మరేటవుతాది" అంటున్నారు. ఎవరి మాట వినాలి, ఏం చేయించాలి, ఎన్నిసార్లు, ఇదే కదా మీరు అడిగింది. నేను శ్రీకాకుళం జిల్లాలో 18 ఏళ్లుగా పిల్లల ఫిజియోథెరపీ చేస్తున్నాను, ఎక్కువగా పల్లెల నుంచి వచ్చే పిల్లలే, కాబట్టి మన ఇళ్లల్లో ఏముంటుంది ఏముండదు తెలిసే చెప్తున్నాను.

ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడ మాట తీసి పారేయకండి, ఎందుకంటే మేం చదువుకునే రోజుల్లో మాకూ అదే చెప్పారు. లండన్‌లో బోబాత్ దంపతులు 1940ల్లో మొదలెట్టిన పద్ధతి ప్రపంచమంతా పాకింది, వాళ్లు పిల్లలకి చాలా మేలు చేశారు, కానీ స్పాస్టిక్ పిల్లల చేత బలంగా ప్రయత్నం చేయిస్తే బిగుతు పెరిగిపోతుంది అన్న నమ్మకం కూడా ఆ పద్ధతితోనే వచ్చింది, దశాబ్దాలపాటు డాక్టర్లూ థెరపిస్టులూ అదే పట్టుకున్నారు. 1995లో అమెరికాలో డయాన్ డామియానో అనే ఆవిడ, తోటివాళ్లు కలిసి స్పాస్టిక్ డైప్లీజియా ఉన్న 14 మంది పిల్లలకి తొడ ముందు కండరానికి వారానికి మూడుసార్లు చొప్పున ఆరు వారాలు బరువులతో ఎక్సర్‌సైజు చేయించి చూశారు. బలం పెరిగింది, నడిచేటప్పుడు అడుగు వేసే క్షణంలో మోకాలి వంపు తగ్గింది. తర్వాత వేరేవాళ్లు చేసిన స్టడీల్లోనూ బరువులు ఎత్తిస్తే స్పాస్టిసిటీ, అంటే ఈ బిగుతు, పెరిగిపోతుంది అన్నది రుజువు కాలేదు. అంటే పెద్దావిడ చెప్పింది పాతకాలపు డాక్టర్ల మాటే, ఆ మాటని డాక్టర్లే తర్వాత మార్చుకున్నారు. ఇలా చెప్తే ఆవిడ చిన్నబుచ్చుకోరు.

ఇంకో పని చేయండి, ఆవిడ ముందే చేయండి. బాబుని మంచం అంచు మీద కూర్చోబెట్టి ఒక కాలు చాపి మోకాలు తిన్నగా పెట్టి గాల్లో అలాగే ఆపరా నాన్నా అనండి, ఆవిడని లెక్కపెట్టమనండి. మూడు నాలుగు అంకెలకే కాలు వణికి దిగిపోతుంది చూడండి, కొందరికి పూర్తిగా చాపడమే అవదు. బిగుతు వేరు బలం వేరు. మెదడు నుంచి వచ్చే ఆర్డర్ సరిగ్గా అందక కండరం తనంతట తాను బిగుసుకుంటుంది, అదే కండరాన్ని కావాల్సినప్పుడు వాడమంటే చాలదు. గట్టిగా కనిపించే ఆ పిక్కలు కూడా నిజానికి బలహీనమైనవే. ఈ ఒక్క సంగతి ఇంట్లో అందరికీ అర్థమైతే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే నేను చూసిన చాలా ఇళ్లల్లో రోజూ గంటసేపు కాళ్లు లాగడం, పిల్లడు ఏడవడం, తల్లి కూడా ఏడవడం, ఇదే థెరపీ అనుకుంటున్నారు.

నేను కూడా మొదటి ఐదారేళ్లు అదే చేయించాను, ఇప్పటికీ బాధగా ఉంటుంది. ఎనిమిదేళ్లప్పుడు కర్ర పట్టుకుని చకచకా నడిచిన పిల్లడికి స్ట్రెచింగులు మాత్రమే నేర్పి పంపాను, పదమూడేళ్లకి వాళ్ల నాన్న భుజం మీద వేసుకుని తీసుకొచ్చాడు. ఎత్తు పెరిగాడు, బరువు పెరిగాడు, కాళ్లకి ఆ బరువు మోసే బలం రాలేదు, మోకాళ్లు వంగిపోయి చతికిలబడ్డాడు. బలం చేయించి ఉంటే తప్పకుండా నడిచేవాడు అని నేను చెప్పలేను, వేరే కారణాలు కూడా ఉంటాయి, కానీ ఆ వయసు రాకముందే కాళ్లని సిద్ధం చేయాలి అని ఆ పిల్లడి దగ్గరే నేర్చుకున్నాను. సీపీలో మెదడుకి తగిలిన దెబ్బ పెరగదు, పిల్లడు పెరుగుతాడు, ఎముకలు పెరిగినంత వేగంగా కండరం పెరగదు. మీ బాబుకి ఏడేళ్లు, అంటే చేతిలో ఇంకా టైం ఉంది.

ఒక్క మాట మాత్రం ముందే చెప్పేస్తాను, ఆశ పెట్టి తర్వాత నిరాశ పెట్టకూడదు. బలం పెరిగినంత మాత్రాన నడక దానంతట అదే మారిపోదు. నెదర్లాండ్స్‌లో సీపీ పిల్లలకి ఇలాంటి ఎక్సర్‌సైజులు 12 వారాలు చేయించి చూస్తే బలం పెరిగింది కానీ నడకలో పెద్ద తేడా రాలేదు. కాబట్టి బలాన్ని ఏదో ఒక పనికి ముడిపెట్టాలి, ఆ పనిని కూడా విడిగా ప్రాక్టీస్ చేయించాలి. బాబునే అడగండి నీకేం కావాలిరా అని. మనం నడక నడక అని కొట్టుకుంటాం గానీ వాడికి కావాల్సింది ఎవరూ పట్టుకోకుండా బాత్రూంలో లేవడం అవ్వొచ్చు, అరుగు ఎక్కడం అవ్వొచ్చు, నా దగ్గరికొచ్చిన ఒక పాప ఆర్టీసీ బస్సు మెట్టు తనే ఎక్కాలంది, మేం ఆ మెట్టు కోసమే నాలుగు నెలలు పనిచేశాం.

ఇప్పుడు లెక్కలు. 2016లో సీపీ ఉన్నవాళ్ల కోసం ప్రత్యేకంగా రాసిన సిఫార్సుల్లో ఉన్నది ఏంటంటే వారానికి 2 నుంచి 4 రోజులు, వరసగా రెండు రోజులు కాకుండా మధ్యలో రోజు వదిలి, ఒక్కో ఎక్సర్‌సైజు 1 నుంచి 3 సెట్లు, సెట్టుకి 6 నుంచి 15 సార్లు, అలా 12 నుంచి 16 వారాలు. దానికి ముందు రెండు నుంచి నాలుగు వారాలు తేలిగ్గా, వారానికి రెండుసార్లు, పద్ధతి అలవాటయ్యేదాకా. మన ఇంట్లో సోమ, బుధ, శుక్ర పెట్టుకోండి. రోజూ చేయిస్తే తొందరగా వచ్చేస్తుందని చాలామంది తండ్రులు అనుకుంటారు, అలా కాదండి, కండరానికి బలం వచ్చేది ఆ వదిలేసిన రోజునే. ఇంకా ముఖ్యమైనది, చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. నూరుసార్లు సునాయాసంగా కాలు ఊపితే బలం రాదు. ఎనిమిదోసారికి మొహం బిగించి, తొమ్మిదోసారి ఇంకవ్వదు అన్నట్టు ఉంటే అదీ సరైన బరువు. అలాగని ఊపిరి బిగపట్టనివ్వొద్దు, గట్టిగా అంకెలు పలికించండి, పలుకుతుంటే ఊపిరి ఆగదు.

మెల్‌బోర్న్‌లో 2003లో 8 నుంచి 18 ఏళ్ల పిల్లలకి ఇంట్లోనే చేయించిన ప్రోగ్రాం ఒకటుంది, నాకు చాలా ఇష్టం, ఎందుకంటే అందులో మెషీన్లు లేవు. మడమలు లేపడం, సగం గుంజీలు, మెట్టు ఎక్కడం, బరువు కోసం వీపుకి బ్యాగు. అంతే. మన స్కూలు బ్యాగు, అందులో అరకిలో కందిపప్పు ప్యాకెట్లు, ఇంతకంటే ఏం కావాలి.

అన్నిటికన్నా ముందు కూర్చుని లేవడం. ఒక్కటే చేయించగలను మేడం అని ఎవరైనా అంటే నేను ఇదే చెప్తాను. తైవాన్‌లో ఐదు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి ఇదొక్కటే బరువుతో ఆరు వారాలు ఇంట్లో చేయించి మంచి ఫలితం చూశారు. మీ ఇంట్లో ఉన్న పీటలు, స్టూళ్లు అన్నీ తీయండి. బాబు కూర్చుంటే తొడ నేలకి సమానంగా ఉండి పాదాలు పూర్తిగా నేలకి ఆనాలి, అది మామూలు ఎత్తు. దాని మీంచి లేవలేకపోతే ఎత్తు పెంచండి, రెండు స్టూళ్లు ఒకదాని మీద ఒకటి పెట్టకండి జారతాయి, మంచం అంచు వాడండి. ఏఎఫ్‌ఓ బూట్లు (పాదాన్ని, చీలమండని సరిగ్గా పట్టి ఉంచే స్ప్లింట్లు) ఉంటే వేసే చేయించండి. పాదాలు మోకాళ్ల కిందకి కొంచెం వెనక్కి, రెండు పాదాల మధ్య జానెడు దూరం. ఎదురుగా ఏదైనా బరువైన బల్ల గానీ మంచం గానీ పెట్టి ఒక చెయ్యి ఆనించుకోనివ్వండి, చేతులతో లాక్కుని లేవనివ్వకండి, ఆసరా మాత్రమే. ముందు నడుము దగ్గర వంగాలి, ముక్కు కాలివేళ్ల మీదకి వచ్చాక లేవాలి. మన పిల్లలు వెనక్కి పడిపోతామన్న భయంతో వంగరు, అందుకే లేవలేరు, మీరు ఎదురుగా కూర్చుని "నా చేతిలో ఏముందో చూడు" అని ముందుకి రప్పించండి. మోకాళ్లు లోపలికి వచ్చేసి ఒకదానికొకటి తగులుతుంటే మధ్యలో మీ పిడికిలి పెట్టండి, నొక్కకుండా ఉండమనండి. లేచి నిలబడి పిర్రలు బిగించి రెండు అంకెలు ఆగాలి. ఇంక కూర్చోవడం, అసలు బలం ఇక్కడే ఉంది, దభీమని పడిపోకుండా నాలుగు లెక్కపెడుతూ దిగాలి. ఎనిమిదిసార్లు ఒక సెట్టు, రెండు నిమిషాలు రెస్టు, అలా మూడు సెట్లు. వరసగా రెండు ఎక్సర్‌సైజు రోజుల్లో మూడు సెట్లూ పన్నెండు దాకా నీటుగా వస్తే అప్పుడు పీట ఎత్తు తగ్గించండి, మామూలు పీట మీంచి వచ్చేస్తే బ్యాగులో అరకిలో. వాడి బరువులో పదోవంతు దాటే బరువు మాత్రం మీ థెరపిస్టు చూడకుండా పెట్టొద్దు.

దీన్ని ఆటగా చేయడానికి మీ అత్తగారు కావాలి. ఆవిడ గిన్నెలో చింతపిక్కలు పోసుకుని పీట పక్కన కూర్చుంటారు, బాబు కూర్చున్నప్పుడు ఒక పిక్క తీసుకుని లేచి కిటికీ గట్టు మీద డబ్బాలో వేయాలి. ఎనిమిది పిక్కలు అయ్యాయంటే సెట్టు అయింది. లెక్క తప్పదు, పిల్లడికి విసుగు రాదు, "కాళ్లు ఇంకా బిగుసుకుంటాయి" అన్న మనిషే "ఈవేళ తొమ్మిది వేశాడు" అని చెప్తుంటారు, నేను చూశాను.

మెట్టు ఎక్కడం ఇటుకతో మొదలెట్టండి, అడ్డంగా పరిచిన నాలుగు ఇటుకలు, కదలకుండా గోడకి ఆనించి. ఒక కాలు పైన పెట్టి ఆ కాలి బలంతోనే పైకి, రెండో కాలితో నేలని తన్నకూడదు. గోడకి ఉన్న ఊచ గానీ మీ చెయ్యి గానీ పట్టుకోవచ్చు. ఒక్కో కాలికి ఆరు. ఏ కాలు ఎక్కువ బలహీనమో దానితో ముందు మొదలెట్టండి, అలసిపోకముందే దాని వంతు అయిపోవాలి.

కాళ్లు కత్తెర పడుతున్నాయన్నారు, దానికి తొడల్ని పక్కకి తీసే పిర్ర కండరాలు బలపడాలి. మంచం పట్టీ రెండు చేతులతో పట్టుకుని పక్కకి అడుగులు వేయించండి, పీతలాగ, ఈ చివర నుంచి ఆ చివరకి, మళ్లీ వెనక్కి. అలవాటయ్యాక మోకాళ్లకి పైన ప్యాంటు మీద పాత సైకిల్ ట్యూబు ముక్క వదులుగా కట్టి అదే నడక. చాప మీద వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకి లేపి ఐదు లెక్కపెట్టడం కూడా ఈ ఎక్సర్‌సైజు రోజుల్లోనే పెట్టుకోండి, బ్రిడ్జింగ్ అంటాం, నిలబడినప్పుడు తుంటి దగ్గర వంగిపోకుండా ఉండటానికి ఇదే ఆధారం. మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి పాదం లేపి మోకాలు పూర్తిగా తిన్నగా చేసి ఆపడం ఇంకోటి, పాత జీన్స్ కాలు ముక్కలో పావుకిలో ఇసుక పోసి కుట్టేస్తే చీలమండకి కట్టే బరువు తయారు. మడమలు లేపడం మాత్రం మీ థెరపిస్టుని అడిగి చేయించండి, ముందు పాదం నేలకి పూర్తిగా ఆనుతుందో లేదో చూడాలి. వేళ్ల మీద నడిచే పిల్లలకి పిక్కలు బలంగా ఉన్నాయి అనుకుంటారు, లేవు, కానీ కండరం పొట్టిపడి ఉంటే పద్ధతి వేరేగా ఉంటుంది. మొత్తం మీద ఒక రోజుకి మూడో నాలుగో చాలు, అరగంటలో అయిపోవాలి.

స్ట్రెచింగ్ మానేయమంటారా అని అడుగుతారు. రెండు నిమిషాలు లాగి వదిలేస్తే వచ్చే లాభం చాలా తక్కువ. ఎక్కువసేపు మెల్లగా చాపి ఉంచే పద్ధతి మేలు, టీవీ చూసేటప్పుడు కాళ్లు చాపి మోకాళ్లకి గైటర్లు (మోకాలు వంగకుండా చుట్టే పట్టీలు), డాక్టర్ చెప్పిన స్ప్లింటు, బోర్లా పడుకోవడం. ఏడిపించి లాగడం వద్దు. నూనె రాయడం పిల్లడికి హాయిగా ఉంటే రాయండి, కానీ కాళ్లు పట్టి విరిచే వాళ్ల దగ్గరకి మాత్రం తీసుకెళ్లకండి, కాళ్ల మీద బరువు వేయని పిల్లల ఎముకలు పలచగా ఉంటాయి, విరుగుతాయి.

మన ఎండలకి పొద్దున్న ఏడు లోపు చేయించడం మంచిది. ఖాళీ కడుపుతో వద్దు, చోడి (రాగి) అంబలి తాగించి అరగంట ఆగి మొదలెట్టండి, రోజుకో గుడ్డు తప్పనిసరిగా పెట్టండి, తిండి చాలని పిల్లడికి ఎన్ని సెట్లు చేయించినా కండరం ఎక్కడి నుంచి వస్తుంది. ఫిట్స్ మందు వేసుకునే పిల్లడైతే ఒక్క పూట కూడా ఆపకండి, జ్వరం వచ్చిన వారం పూర్తిగా రెస్టు, తర్వాత ఒక మెట్టు తగ్గించి మొదలెట్టండి. మర్నాడు కండరం కొంచెం నొప్పిగా ఉంటే ఫర్వాలేదు, రెండు రోజులు దాటినా తగ్గకపోతే బరువు ఎక్కువైనట్టు. గజ్జల్లో గానీ మోకాలి చిప్ప దగ్గర గానీ నొప్పి అంటే ఆపేసి చూపించండి. నిన్నటిదాకా చేసిన పని ఈరోజు చేయలేకపోతే బద్ధకం అనుకోకండి, చూపించండి. బోటాక్స్ (బిగుతు తగ్గించే ఇంజెక్షన్) గానీ ఆపరేషన్ గానీ అయితే నేను రాసింది పక్కనపెట్టి ఆ డాక్టర్ చెప్పినట్టే చేయండి.

ఇది చదివే వేరే తల్లిదండ్రులకి రెండు మాటలు. ఒక చెయ్యి ఒక కాలు పడిన పిల్లలకి చేతి బలం పనిలోనే వస్తుంది, వేరుశనక్కాయలు ఒలవడం, చపాతీ పిండి పిసకడం, డబ్బా మూత తిప్పడం, రెండు చేతులూ కావాల్సిన పనులు ఇవ్వండి. కూర్చోలేని, తల నిలబెట్టలేని పిల్లలకి బరువులు కట్టొద్దు, వాళ్లకి సరైన కూర్చోబెట్టే తీరు, స్టాండింగ్ ఫ్రేములో నిలబెట్టడం, ఒళ్లో కూర్చోబెట్టుకుని బొమ్మ కోసం చెయ్యి చాపించడం, ఇదే వాళ్ల ఎక్సర్‌సైజు.

వైజాగ్ ప్రతి వారం వెళ్లక్కర్లేదు. మీ మండలంలో సమగ్ర శిక్ష వాళ్లు ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిపే భవిత కేంద్రం ఎక్కడుందో స్కూల్లో అడగండి, అక్కడికి ఫిజియోథెరపిస్టు ఏ రోజు వస్తారో కనుక్కుని ఈ ఎక్సర్‌సైజులు ఒకసారి వాళ్ల ముందు చేయించండి, తప్పు ఉంటే సరిచేస్తారు. యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) లేకపోతే చేయించండి, కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్టు వాళ్ల నిరామయ ఇన్సూరెన్సులో సీపీ పిల్లలకి ఏడాదికి లక్ష రూపాయల దాకా ఉంటుంది, థెరపీ ఖర్చులు కూడా అందులో వస్తాయి.

ఇంక మీరు అడగనిది, నేను అడిగేది. బాబుకి తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీశారు? వాకర్‌తో నడిచే పిల్లలని మేం జీఎంఎఫ్‌సీఎస్ అనే కొలతలో మూడో స్థాయి అంటాం, ఆ స్థాయిలో పదిమందిలో నలుగురికి తుంటి కీలు మెల్లగా జారుతుంది, మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి ఎవరికీ తెలీదు. ఎక్స్‌రే తీసి ఏడాది దాటితే మొదలెట్టే ముందే ఒకటి తీయించండి, పిల్లల ఎముకల డాక్టర్‌కి చూపించండి, రిపోర్టు కాగితంతో పాటు ఫిల్ము కూడా దాచండి, మళ్లీ తీసినప్పుడు పక్కపక్కన పెట్టి చూస్తేనే జారిందో లేదో తెలుస్తుంది. అది బాగుందంటే వచ్చే సోమవారం పీటతో మొదలెట్టి ఒక నోట్‌బుక్కులో తేదీ, పీట ఎత్తు, ఎన్ని పిక్కలు అని రాయండి. ఆరు వారాలయ్యాక ఆ లెక్క నాకు చెప్పండి, ఏ ఎత్తు దగ్గర ఆగాడో చూసి తర్వాతది చెప్తాను.